అడవి లోపలి బొమ్మకు ఏ పనోరమా కెమెరా? ఎక్స్‌పాన్, హొరైజాన్, ఇంట్లో ఉన్న యాషికా

పనోరమా ఫొటో అనగానే మన దగ్గర ముందు గుర్తొచ్చేది ఫర్హాబాద్ వ్యూపాయింట్. మన్ననూరు దాటి పోయి ఆ అంచున నిలబడితే నల్లమల కొండలు ఒకదాని వెనుక ఒకటి నీలంగా పరుచుకొని ఉంటాయి. ఆ బొమ్మ ఫోన్‌తోనైనా వస్తుంది. నేను చెప్పేది వేరే బొమ్మ సంగతి. ఉమామహేశ్వరం గుట్ట దారిలో బండను పట్టుకొని పాకిన వేర్లు, మల్లెలతీర్థం జలపాతానికి దిగుతుంటే పక్కపక్కన నిలబడ్డ చిరుమాను మొదళ్లు, వాటి మధ్య అడ్డంగా వేలాడే తీగ. పది అడుగుల నుంచి ముప్పై అడుగుల లోపు ఉండే అడవి. నింగి కనబడని అడవి. దాన్ని ఫిల్ము మీద, పొడుగాటి ఫ్రేములో తీయాలని మనసుపడ్డ వాళ్లు ఏ కెమెరా ఎంచుకోవాలో నాలుగైదేళ్లుగా ఈ అడవి దారుల్లో తిరిగి తెలుసుకున్నంత మేరకు రాస్తున్నాను.

ముందే ఒక మాట తేల్చుకోవాలి. ఇంత దగ్గరి అడవికి పొడుగు ఫ్రేము ఎందుకు? మనది ఆకు రాల్చే ఎండు అడవి. పైన కొమ్మల సందుల్లో ఆకాశం తెల్లగా కాలిపోతుంటుంది, కింద ఎండుటాకులు, రాళ్లు. మామూలు ఫ్రేములో ఈ రెండే సగం చోటు తినేస్తాయి. పొడుగు ఫ్రేము ఆ రెంటినీ కోసేసి, మోకాలి నుంచి తల పైదాకా ఉన్న పట్టీని మిగులుస్తుంది. మొదళ్లు ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయి, ఏ కొమ్మ దేన్ని తాకుతోంది అన్నదే అప్పుడు బొమ్మ అవుతుంది. అంటే ఇక్కడ మనకు కావలసిన పనోరమా ఎక్కువ చూపేది కాదు, చక్కగా వదిలేసేది. కెమెరాలన్నీ ఈ ఒక్క కొలతతోనే తూచాను.

ఎక్స్‌పాన్: అందరూ కోరుకునేది

హాసెల్‌బ్లాడ్, ఫుజీ కలిసి 1998లో తెచ్చిన కెమెరా ఇది. జపాన్‌లో ఫుజీ టీఎక్స్-1 పేరుతో అమ్మారు. మామూలు 35 ఎంఎం రీలు మీదే 24 × 65 మిల్లీమీటర్ల నెగిటివ్ ఇస్తుంది, 36 ఫ్రేముల రీలులో 21 పనోరమాలు వస్తాయి. లెన్సులు మూడే: 30, 45, 90 మిల్లీమీటర్లవి. ఎక్కువగా దొరికేది 45తో కలిపి.

అడవి లోపలికి ఆ 45 సరిపోదని నా అభిప్రాయం. అది అడ్డంగా 72 డిగ్రీల దాకా చూస్తుంది. పది అడుగుల దూరంలో ఉన్న చెట్టును మధ్యలో పెడితే ఇరువైపులా అక్కర్లేని పొదలు, దారి, సిమెంటు గట్టు అన్నీ వచ్చి కూర్చుంటాయి. 90 లెన్సు 40 డిగ్రీలే చూస్తుంది. అడవిలో ఏరుకోవడానికి అదే సరైన వెడల్పు. ఎక్స్‌పాన్ కొని 45తో సరిపెట్టుకుంటే అడవికి కావలసిన సగం మీ చేతికి రానట్టే.

ఓ నవంబరులో స్నేహితుడి ఎక్స్‌పాన్ రెండు రోజులు నా దగ్గర ఉంది. నెగిటివ్‌లు చూసి చేయి వణికింది, అంత పదును. కానీ నేను ఎంతో జాగ్రత్తగా ఎడం చూసుకొని తీసిన రెండు మొదళ్ల ఫ్రేములో ఆ ఎడం మూసుకుపోయింది. కారణం తరువాత అర్థమైంది. ఇది రేంజ్‌ఫైండర్. మనం చూసే కిటికీ లెన్సుకు పైన, పక్కకు జరిగి ఉంటుంది. ఫ్రేము అంచులను అది సరిచేసి చూపుతుంది గాని, ముందు చెట్టు వెనుక చెట్టును ఎంత కప్పుతుందో సరిచేయలేదు. లెక్క వేసి చూడండి: ముందు చెట్టు 2 మీటర్లలో, వెనుక చెట్టు 8 మీటర్లలో ఉంటే, చూసే చోటు 3 సెంటీమీటర్లు పక్కకు జరిగినా వెనుక చెట్టు దగ్గర 9 సెంటీమీటర్ల తేడా వస్తుంది. సన్నటి మొదలు దాక్కోవడానికి అది చాలు. ఫర్హాబాద్‌లో ఈ సమస్య లేదు, అక్కడ అన్నీ దూరమే. చెట్ల మధ్య మాత్రం ప్రతి ఫ్రేములో ఉంటుంది. ఫైండర్‌లో చూసి కుదిర్చాక, లెన్సు సరిగ్గా అదే చోటికి వచ్చేలా ట్రైపాడ్ మీద కెమెరాను జరిపి తీస్తే బాగుపడుతుంది.

ఇంకో రెండు సంగతులు. దీని తయారీ 2006లో ఆగిపోయింది. లోపలంతా ఎలక్ట్రానిక్స్, సీఆర్2 బ్యాటరీలు రెండు లేనిదే షట్టరు కదలదు, చెడిపోతే విడిభాగాలు దొరకవు. ధర లక్షల్లో మాట. ఊళ్లూ జనమూ కూడా తీస్తూ, నడుస్తూ పట్టుకొని తీసే వాళ్లకు దీనికి సాటి లేదు. అడవి ఒక్కటే తీస్తానంటే అంత పెట్టవలసిన అవసరం నాకు కనబడలేదు.

తిరిగే లెన్సు కెమెరాలు: పిల్లలమర్రికి మాత్రం

హొరైజాన్, వైడ్‌లక్స్ రకం కెమెరాల్లో లెన్సే ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరుగుతూ ఫిల్ము మీద గీసుకుంటూ పోతుంది. రష్యా హొరైజాన్ 202 అడ్డంగా 120 డిగ్రీలు చూస్తుంది, జపాన్ వైడ్‌లక్స్ ఎఫ్8 అయితే 140. రెంటికీ ఫోకస్ తిప్పుకునే వీలు లేదు. వైడ్‌లక్స్‌లో అన్నిటికన్నా నెమ్మది షట్టరు 1/15 సెకను, అడవి నీడలో అది చాలదు. హొరైజాన్ 1/2 దాకా దిగుతుంది కాబట్టి కొంచెం నయం.

కెమెరా మట్టంగా ఉంటే నిలువు మొదళ్లు నిటారుగానే వస్తాయి. కొంచెం కిందికో పైకో వంచారంటే నేల విల్లులా వంగుతుంది, చెట్లు వాలిపోతాయి. పైగా ఎదురుగా ఉన్నది ఉబ్బి, పక్కలవి వెనక్కి పారిపోతున్నట్టు కనిపిస్తాయి. వరుసగా నిలబడ్డ టేకు చెట్లను తీస్తే ఆ వరుస మన మీదికి వంగినట్టుంటుంది. అడ్డంగా పడిన మాను అరటికాయ ఆకారంలో వస్తుంది.

అయితే ఒక్కచోట ఈ వంకరే వరం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి తెలుసు కదా, మూడెకరాల మేర ఊడలు దిగి ఒక్క చెట్టే అడవైన మర్రి. 2017 చివర్లో కొమ్మ విరిగి, చెదలు పట్టిందని తేలితే, 2018లో సెలైను సీసాలు వేలాడదీసి మందు ఎక్కించి బతికించుకున్న చెట్టు. అలాంటి మర్రి నీడలో ఊడలు మన చుట్టూ గుండ్రంగా, ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి. తిరిగే లెన్సు కూడా చుట్టూ ఒకే దూరాన్ని కొలుస్తూ పోతుంది కాబట్టి ఏదీ ఉబ్బదు, ఏదీ పారిపోదు. చెట్టు కింద నిలబడితే ఎలా ఉంటుందో అలాగే వస్తుంది. అక్కడ ఎక్స్‌పాన్ కూడా హొరైజాన్ ముందు నిలవదు. కానీ పిల్లలమర్రి లాంటి చోట్లు ఎన్ని? మొదటి కెమెరాగా వద్దు. రెండోది కొనే స్తోమత ఉంటే, మర్రిచెట్ల మీద ప్రేమ ఉంటే, తీసుకోండి.

6 × 17 సెంటీమీటర్ల నెగిటివ్ ఇచ్చే పెద్ద కెమెరాలు, ఫుజీ జీ617 లాంటివి, అడిగేవాళ్లూ ఉన్నారు. 120 అనే వెడల్పాటి రీలుకు నాలుగే ఫ్రేములు. 105 లెన్సుతో దగ్గరి చెట్టూ వెనుక చెట్టూ రెండూ పదునుగా రావాలంటే లెన్సు రంధ్రాన్ని ఎఫ్32 దాకా మూయాలి, అప్పుడు ఎక్స్‌పోజరు సెకన్లలోకి పోతుంది. నల్లమలలో అన్ని సెకన్లు ఆకు కదలకుండా ఉండే పొద్దు అరుదు. బండలు, మొదళ్లు మాత్రమే తీసేవాళ్లకు సరే.

ఒకే కిటికీ, మూడు ధరలు

ఎక్స్‌పాన్ 90 లెన్సు చూసే వెడల్పు 40 డిగ్రీలు అన్నాను కదా. 80 ఎంఎం లెన్సుతో 6 × 6 సెంటీమీటర్ల చతురస్రం నెగిటివ్ ఇచ్చే యాషికా కెమెరా అడ్డంగా చూసేది 39 డిగ్రీలు. లెన్సు గుండానే చూసే 35 ఎంఎం కెమెరా, అంటే ఏ పాత ఎస్ఎల్ఆర్‌కైనా వచ్చే మామూలు 50 ఎంఎం లెన్సు చూసేది 40 డిగ్రీలు. మూడూ ఒకే కిటికీ. పైనా కిందా కోసి 2.7కు 1 చొప్పున పట్టీ మిగుల్చుకుంటే మూడింటిలోనూ అదే బొమ్మ. తేడా అంతా నెగిటివ్ ఎంత పెద్దదనే దాంట్లో, ఏ దారిన చూస్తామనే దాంట్లో ఉంది.

నెగిటివ్ సంగతి చూద్దాం. గోడకు 30 అంగుళాల వెడల్పు ప్రింటు వేయాలనుకోండి. ఎక్స్‌పాన్ నెగిటివ్‌ను 12 రెట్లు పెంచాలి. యాషికాలో 56 × 21 మిల్లీమీటర్ల పట్టీని 14 రెట్లు. ఎస్ఎల్ఆర్‌లో 36 × 13 పట్టీని 21 రెట్లు. 12కూ 14కూ తేడా పక్కపక్కన పెట్టి వెతికితే తప్ప తెలియదు. 21 దగ్గర మాత్రం 400 వేగం ఫిల్ములో కనిపించే గింజ ఆకుల అంచులను తినేస్తుంది. 15 అంగుళాల లోపు ప్రింటుకైతే ఎస్ఎల్ఆర్ నిక్షేపంగా సరిపోతుంది. ఇంట్లో ఎస్ఎల్ఆర్ ఉంటే ఇంకేమీ కొనకుండా దాంతో ఓ వానాకాలం, ఓ చలికాలం తీయండి. లెన్సు గుండానే చూస్తాం గనక మొదళ్ల మధ్య ఎడం చూసింది చూసినట్టే వస్తుంది. చిన్న ఫార్మాట్ కావడంతో, యాషికా ఎఫ్16 దగ్గర ఇచ్చే పదును లోతు దీనికి ఎఫ్10 చుట్టూ వచ్చేస్తుంది. ఒక స్టాపు పైన, అంటే రెట్టింపుకు మించిన వెలుతురు లాభం, గాలి ఉన్న రోజున అది చిన్నదేమీ కాదు.

ఇక నేను వాడేది, గట్టిగా చెప్పేది, రెండు లెన్సుల యాషికా. దేవరకొండలో స్టూడియో నడిపిన మా చిన్నాయన దగ్గరిది, పెళ్లిళ్లు తీసి తీసి తోలు అరిగిపోయిన మ్యాట్-124జీ. దీంట్లో పైనుంచి గ్లాసులోకి చూసి ఫ్రేము కుదర్చాలి. ఇస్తూ ఆయన అన్న మాట ఒకటే: “గ్లాసుల చూస్కుంట తియ్యి బిడ్డా, ఆగమాగం కావద్దు.” అడవికి అంతకన్నా మంచి సలహా నాకు దొరకలేదు.

దీంట్లో మూడు మేళ్లు ఉన్నాయి. మొదటిది, చూసే లెన్సు తీసే లెన్సుకు సరిగ్గా పైన ఉంటుంది, పక్కకు కాదు. అందుకని దగ్గరి చెట్టుకు ఎత్తులో తేడా వస్తుంది గాని, నిలువు మొదళ్ల మధ్య ఎడం గ్లాసులో కనిపించినంతే నెగిటివ్‌లోనూ ఉంటుంది. ఎక్స్‌పాన్ నాకు మూసేసిన ఎడం ఇక్కడ మూసుకోలేదు. గ్లాసులో బొమ్మ కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తుంది, ఓ రెండు రీళ్లు తీసేసరికి చేతికి అలవాటవుతుంది.

రెండోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. నెగిటివ్ ఎత్తు 56 మిల్లీమీటర్లు, మనకు కావలసిన పట్టీ 21. మిగిలిన 35 మిల్లీమీటర్లు ఊరికే పోవు. కెమెరాను మట్టంగా పెట్టి తీసి, తరువాత పట్టీని పైకో కిందికో 17 మిల్లీమీటర్ల దాకా జరుపుకోవచ్చు. కొమ్మలు ఎక్కువ కావాలంటే పై పట్టీ, వేర్లు కావాలంటే కింది పట్టీ. కెమెరాను వంచనే లేదు కాబట్టి చెట్లు వాలవు. ఈ సౌకర్యం కోసం పెద్ద కెమెరాల్లో లెన్సును జరిపే ఏర్పాటు చేస్తారు, ఎక్స్‌పాన్‌లో అది లేదు. మల్లెలతీర్థంలో ఏటవాలు గట్టు మీద నిలబడి తీసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

మూడోది, షట్టరుకు బ్యాటరీ అక్కర్లేదు. వెలుతురు కొలిచే లోపలి మీటరుకు కావలసిన పాత పాదరసం బ్యాటరీ ఇప్పుడు రాదు. దాన్ని మరిచిపోయి ఫోన్‌లో మీటరు యాప్ పెట్టుకోండి.

గ్లాసు మీద పట్టీ కనబడడానికి నేను ఓహెచ్‌పీ షీటును (పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని) 56 మిల్లీమీటర్ల చతురస్రంగా కోసి, 21 ఎడంతో రెండు సన్నటి గీతలు గీసి పెట్టాను. గీతలు లేకుండా తీసి ఇంటికొచ్చాక కోద్దామనుకుంటే చతురస్రం బొమ్మలే తీస్తాం. కన్ను ఆ పట్టీలోనే ఆలోచించాలి.

కొనేటప్పుడు 1 సెకను, 1/8 వేగాలు వినండి. షట్టరు మధ్యలో ఆగిపోతుంటే లోపల నూనె గట్టిపడిందని అర్థం. మనం అడవిలో వాడేవి ఆ వేగాలే. లెన్సుల మధ్య బూజు కూడా టార్చి వేసి చూసుకోండి, మన వానాకాలం తేమకు అది తొందరగా పడుతుంది.

ఇంతకన్నా పెద్ద నెగిటివ్ కావాలంటే మామియా ఆర్‌బీ67 ఉంది. 69 మిల్లీమీటర్ల వెడల్పుతో అది ఎక్స్‌పాన్‌నే మించుతుంది, లెన్సు గుండానే చూడొచ్చు, 90 లెన్సుతో 42 డిగ్రీలు. బరువు మాత్రం రెండున్నర కిలోల పైనే. మల్లెలతీర్థానికి మూడొందలకు పైగా మెట్లు, దిగినవన్నీ ఎక్కాలి. కారు పక్కనే తీసే బొమ్మలకైతే నేనూ దాన్నే ఎంచుకునేవాణ్ని. దాంట్లో 35 ఎంఎం రీలు అమర్చి పొడుగు ఫ్రేము తీసే పద్ధతి కూడా ఉంది. కెమెరాలోంచి రీలు చీకట్లోనే తీయాలి, పట్టీ జరుపుకునే మేలూ పోతుంది. 120 రీలు దొరుకుతున్నంత కాలం దాని జోలికి పోనక్కర్లేదు.

వెలుతురు, ఫిల్ము

కెమెరా ఏదైనా, ఎండ చిట్లి నేల మీద మచ్చలు మచ్చలుగా పడే వేళ తీయకండి. మబ్బు రోజో, పొద్దు గుట్ట దాటక ముందో తీయండి. మబ్బు పట్టినప్పుడు చెట్ల కింద 400 ఫిల్ముతో ఎఫ్16 దగ్గర నాకు 1/8 సెకను చుట్టూ వస్తుంది. యాషికాను 5 మీటర్లకు ఫోకస్ చేస్తే అదే ఎఫ్16 మీద సుమారు 3.3 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా పదును ఉంటుంది. పది అడుగుల నుంచి ముప్పై అడుగుల అడవి అన్నాను కదా, ఇంచుమించు సరిపోతుంది. ట్రైపాడ్, కెమెరా కదలకుండా షట్టరు నొక్కే కేబుల్ రిలీజ్ తప్పనిసరి.

నీడ ముదిరితే ఎక్స్‌పోజరు సెకన్లలోకి పోతుంది. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 అనే నలుపు తెలుపు ఫిల్ముకు కంపెనీ చెప్పే లెక్క ప్రకారం మీటరు 4 సెకన్లు చూపితే 6, 10 చూపితే 20 ఇవ్వాలి. ఇది మరిస్తే నెగిటివ్ పలచగా వచ్చి మొదళ్ల బెరడు పోతుంది. మొసలి వీపులా పగుళ్లిచ్చిన నల్లమద్ది బెరడు, పక్కనే నున్నటి చిరుమాను, ఆకు రాలిన వేసవిలో తెల్లగా మెరిసే తపసి — మన అడవికి నలుపు తెలుపు ఫిల్ము ఇంత నప్పడానికి కారణం ఈ బెరళ్లే. రంగు కావాలంటే మోదుగ పూసే ఫిబ్రవరి, మార్చిలో కలర్ నెగిటివ్ వాడండి. స్లైడు ఫిల్ము కొమ్మల సందుల్లోని తెల్లటి ఆకాశాన్ని తట్టుకోలేదు.

ల్యాబుకు పంపేటప్పుడు ఎక్స్‌పాన్, హొరైజాన్ రీళ్ల మీద ‘పనోరమా, నెగిటివ్ కోయవద్దు’ అని పెద్దగా రాయండి. ఒకసారి నా రీలును మామూలు 36 మిల్లీమీటర్ల ఫ్రేములు అనుకొని కోసి పంపారు, నాలుగు బొమ్మలు మధ్యకు తెగిపోయాయి. యాషికా రీలుకు ఆ బెడద లేదు. ఇంట్లో కడుక్కునేవాళ్లు వేసవిలో నీళ్ల గిన్నె చుట్టూ ఐసు పెట్టుకోవాలి. డెవలపర్ డబ్బా మీద రాసే నిమిషాలు 20 డిగ్రీలకు, మన కుళాయి నీళ్లు 30 దాటి ఉంటాయి.

కొనే ముందు అట్ట ముక్కతో

పెళ్లిపత్రిక అట్ట తీసుకొని 8.1 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల ఎత్తు కిటికీ కోయండి. కంటికి పదకొండున్నర సెంటీమీటర్ల దూరంలో పట్టుకొని ఒంటికన్నుతో చూస్తే అది ఎక్స్‌పాన్ 90, యాషికా 80, ఎస్ఎల్ఆర్ 50 చూసే కిటికీ. ఐదున్నర సెంటీమీటర్లకు దగ్గరగా తెస్తే ఎక్స్‌పాన్ 45. ఆ అట్టతో ఉమామహేశ్వరం పాపనాశనం దాకా నడవండి, లేదంటే ఇంటి దగ్గరి సీతాఫలం గుట్టకు పోండి. ఆగిన ప్రతి చోటా అట్ట ఎక్కడ పట్టుకున్నారో గుర్తుపెట్టుకోండి. పది చోట్లలో ఏడెనిమిది చోట్ల చేయి దూరంగానే ఉంటే మీకు యాషికా చాలు. చేయి పదే పదే కంటి దగ్గరికే వస్తుంటే మీ చూపు విశాలమైనది, ఎక్స్‌పాన్ 45 కోసమో హొరైజాన్ కోసమో డబ్బు కూడబెట్టుకోవడంలో తప్పులేదు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో దారి దిగి సొంతంగా లోపలికి నడవనివ్వరు, అది న్యాయమే. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. మంచు పట్టిన తొలి గంట కావాలంటే ముందురోజు సాయంత్రమే అటువైపు చేరి, అట్టను చొక్కా జేబులో పెట్టుకొని పడుకోండి.